విదేశంలో కార్డు గీస్తే డబ్బు ఎప్పుడు కట్ అవుతుంది?

విమానం దిగి సామాను తీసుకోగానే ఎదురుగా కరెన్సీ మార్చే కౌంటరు. దాన్ని దాటి నడిచాను. కమిషన్ లేదని బోర్డు పెట్టినా, కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య తేడాలోనే వాళ్ల లాభం దాగి ఉంటుంది. నాలుగడుగుల అవతల ఒక బ్యాంకు ఏటీఎం కనిపించింది.

పిన్ కొట్టాక మిషన్ అకౌంటు రకం అడిగింది. సేవింగ్స్ నొక్కితే కుదరదంది. కార్డు మళ్లీ పెట్టి కరెంట్ నొక్కితే ముందుకు కదిలింది. ఇలాంటప్పుడు కంగారుపడి పిన్ మార్చి మార్చి కొట్టకూడదు. మూడుసార్లు తప్పితే చాలా కార్డులు లాక్ అయిపోతాయి.

తర్వాతి స్క్రీన్‌పై ఏటీఎం ఫీజు, ఆ తర్వాత అసలు ప్రశ్న: ‘మీ సొంత కరెన్సీలో ఇంత పడుతుంది, ఒప్పుకుంటారా?’ పచ్చ బటన్ దగ్గర అవును, ఎర్ర బటన్ దగ్గర కాదు. కాదంటే డబ్బు రాదేమోనని చాలామంది పచ్చది నొక్కేస్తారు. నేను ఎర్రది నొక్కాను, నోట్లు వచ్చాయి. కాదన్నది ఆ మిషన్ పెట్టిన మారకం రేటుని మాత్రమే. అప్పుడు కార్డు నడిపే నెట్‌వర్క్, అంటే వీసా లేదా మాస్టర్‌కార్డ్, రేటు వర్తిస్తుంది, దానిపై మన బ్యాంకు మార్కప్, అంటే అదనపు రుసుము, పడుతుంది. అవునని ఉంటే మిషన్ సొంత మార్జిన్ పోగా, విదేశీ లావాదేవీ కాబట్టి మన బ్యాంకు కూడా విడిగా ఫీజు వేసే అవకాశం ఉంది. దుకాణాల్లోనూ ఇదే ప్రశ్న వస్తుంది. ఒక్కోసారి కౌంటరులో మనిషే మన తరఫున నొక్కేస్తాడు. అందుకే స్లిప్పు మీద ఏ కరెన్సీ ఉందో అక్కడే చూసుకున్నాను. తప్పుంటే అప్పటికప్పుడు రద్దు చేయించి మళ్లీ కొట్టించడం తేలిక.

నగదుకు డెబిట్ కార్డే వాడాను. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో తీస్తే మామూలుగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

హోటల్లో మాత్రం క్రెడిట్ కార్డే ఇచ్చాను. కార్డు గీయగానే డబ్బు పోదు. ముందు బ్యాంకు అనుమతి ఇచ్చి కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతుంది, అసలు బిల్లు తర్వాత వస్తుంది. హోటల్ వాళ్లు గది అద్దెతో పాటు డిపాజిట్ కింద ఇంకొంత పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే లిమిట్ తగ్గుతుందంతే; డెబిట్ కార్డయితే మన అకౌంటులోని డబ్బే ఇరుక్కుపోతుంది. గది ఖాళీ చేశాక కూడా అది విడుదలవడానికి రోజులు పట్టవచ్చు. వెళ్లేటప్పుడు వేరే కార్డుతో కడితే పాత పట్టు అలాగే ఉండి కొత్త బిల్లు కూడా పడుతుంది, రెండుసార్లు కట్టామా అన్న భయం పట్టుకుంటుంది. అందుకే అదే కార్డు ఇచ్చి, పట్టి ఉంచిన మొత్తంలోంచే బిల్లు తీసుకోమని అడిగాను.

అమెరికాలో చాలా పెట్రోలు బంకు మిషన్లు కార్డుదారు జిప్ కోడ్ (మన పోస్టల్ పిన్‌కోడ్ లాంటిది) అడుగుతాయి, విదేశీ కార్డు అక్కడే ఆగిపోవచ్చు. లోపలికెళ్లి క్యాషియరుకు ముందే కడితే పని జరుగుతుంది. లండన్ మెట్రోలో ఇంకో మెలిక. లోపలికి ఏ కార్డు తాకించామో బయటికీ అదే తాకించాలి. ఫోన్‌లో పెట్టుకున్న కార్డు, చేతిలోని కార్డు ఒకే అకౌంటువైనా గేటుకు రెండూ వేరే. కలిపి వాడితే రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కేసి ఎక్కువ కట్ చేస్తుంది.

ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం తెరిచేటప్పుడు ఏటీఎం, స్వైప్, ట్యాప్, ఆన్‌లైన్ అన్నింటికీ విడివిడి స్విచ్‌లు ఉండొచ్చు, ఒకటి మరిచిపోయినా అక్కడ పని ఆగుతుంది. ఓటీపీ వచ్చే సిమ్ కూడా రోమింగ్‌తో ఫోన్‌లోనే ఉండాలి. రెండో కార్డు వేరే బ్యాంకుదై, వేరే సంచిలో ఉండాలి.

ఏటీఎం నోట్లు ఇవ్వకుండా అకౌంటులో కట్ అయితే, ఆ ఏటీఎం బ్యాంకు చుట్టూ తిరగనక్కర్లేదు, కార్డు ఇచ్చిన మన బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. స్లిప్పు మీది ఏటీఎం నంబరు, సమయం వాళ్లు అడుగుతారు. స్లిప్పు రాకపోతే స్క్రీన్ ఫొటో తీసుకుంటే చాలా ఉపయోగం.

కొన్న వస్తువు తిరిగిచ్చినా కట్టినంతా తిరిగి రాకపోవచ్చు. రీఫండ్ ఆ రోజు రేటుకు వస్తుంది, మార్కప్ వెనక్కి రాకపోవచ్చు. హోటల్ పట్టు విడుదలై, చివరి బిల్లులు స్టేట్‌మెంటులో పడేదాకా స్లిప్పులన్నీ ఒక కవరులో దాచాను.