సూది తర్వాతి నాలుగు రోజులు

తెనాలి నుంచి గుంటూరుకు రోజూ బస్సులో వెళ్లివచ్చే లెక్కల మాస్టారిని కనుక, నడుం నొప్పి మొదలైనప్పుడు ఆ నేరాన్ని బస్సు సీటు మీదికే నెట్టేశాను. కొన్నాళ్లకు నొప్పి నడుంలో నిలవడం మానేసి, ఎడమ పిర్ర నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా చిటికెన వేలి దాకా జివ్వున లాగసాగింది. తుమ్మాలన్నా దగ్గాలన్నా భయం వేసేది. ఎడమ మునివేళ్ల మీద లేచి నల్లబల్ల పైవరుస అందుకోలేకపోయిన రోజున ఎమ్మారై తీయించుకుంటే, నడుం అడుగున ఎల్5–ఎస్1 అనే వెన్నుపూసల మధ్య డిస్కు జారి, అక్కడి నుంచి కాలికి దిగే ఎస్1 నరం మూలాన్ని నొక్కుతోందని తేలింది.

ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీ నడిచాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్‌తో నొప్పి కొంత తగ్గిన మాట నిజమే గాని, మూడో పీరియడ్ అయ్యేసరికి పిల్లలకంటే ముందు నాకే కునుకు వచ్చేది. మూత్రం బిగుసుకున్నా, మలవిసర్జన మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం వేలాడినా అర్ధరాత్రయినా రావాలనీ, అప్పుడు ఆపరేషన్ ఆలస్యం చేయకూడదనీ డాక్టరుగారు హెచ్చరించారు. అవేవీ లేవు కనుక నరం మూలం దగ్గర స్టీరాయిడ్ ఇంజెక్షన్ చేసి చూద్దామన్నారు. ఎవరో చెప్పిన రేడియోఫ్రీక్వెన్సీ (నొప్పిని మోసే నరాన్ని వేడితో మొద్దుబార్చే పద్ధతి) సంగతి అడిగితే, అది ప్రధానంగా వెన్నుపూసల కీళ్ల నొప్పికి పనికివస్తుందని వివరించి, "ఈ సూది కూడా డిస్కును వెనక్కి నెట్టదు మాస్టారూ, నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది, అంతే. జారిన ముక్కను చాలామందిలో శరీరమే నెలల మీద కరిగించుకుంటుంది" అన్నారు.

బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మాత్రం తిమ్మిరి మందు ఇచ్చి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద ఎముకలను చూస్తూ సూదిని దింపారు. ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని కొద్దిగా ఎక్కించి, అది నరం వెంట పాకడం చూశాకే అసలు మందు ఇచ్చారు. ఆ క్షణంలో నాకు బాగా పరిచయమైన దారిలోనే, చిటికెన వేలి దాకా, ఒక బరువు దిగింది.

సాయంత్రానికి నొప్పి లేదు. అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను. తెల్లారేసరికి మళ్లీ అదే నొప్పి! "డబ్బులు బూడిదలో పోసినట్లేనా అండీ?" అని మా ఆవిడ మెల్లగా అడిగింది. మొదటి పూట హాయి మందులో కలిపిన మత్తుదనీ, స్టీరాయిడ్ పనిచేయడానికి రోజులు పడుతుందనీ ముందే చెప్పారేమో, నా చెవికి మాత్రం ఎక్కలేదు. దానికి తోడు షుగర్ ఉన్నవాణ్ని. పరగడుపున 130 ఉండేది 240 దాటింది. స్టీరాయిడ్ వల్ల కొద్దిరోజులు అలా పెరుగుతుందని తెలిసి కూడా కంగారుపడ్డాను.

అయిదో రోజు తెల్లవారుజామున, పక్కకు తిరిగి పడుకుని కూడా మెలకువ రాలేదని లేచాక గుర్తించాను. ఆ వారమే పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, నొప్పి ఉండగా చేయలేక వదిలేసిన వ్యాయామాలను మళ్లీ పట్టుకున్నాను. ఇప్పటికి ఏడు నెలలు. నల్లబల్ల పైవరుస అందుతోంది. చిటికెన వేలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది. చెప్పులో రాయి దూరినా ఆ వైపు తెలియదు.