ఎవరూ కాదనని ఊళ్ళో

నల్ల బ్యాడ్జీ మీద ‘ఎల్డర్’ అని రాసి చొక్కా జేబుకి తగిలించేనాటికి నాకింకా ఇరవై నిండలేదు. మా దగ్గర మిషనరీ కుర్రాళ్లందరినీ ఎల్డరనే పిలుస్తారు. మా సంఘంలో మిషన్‌కు, అంటే సువార్త చెప్పే సేవకు, అప్పట్లో అబ్బాయిలు పద్దెనిమిదేళ్లకు, అమ్మాయిలు పంతొమ్మిదికి వెళ్లొచ్చు. 2012 దాకా అది పంతొమ్మిది, ఇరవై ఒకటి. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. ఏ ఊరు కావాలో మనం అడగడానికి లేదు, ఎక్కడికి వెళ్లాలో పైనుంచి ఉత్తరం వస్తుంది. మా రాజమండ్రిలో అందరూ నన్ను ఏ విదేశమో పంపిస్తారనుకున్నారు. తీరా చూస్తే బెంగళూరు. కాకపోతే ముందు మనీలాలో ట్రైనింగ్. మా నానమ్మ లూథరన్, మా సంఘమంటే ఆవిడకు మొదట్నుంచీ అనుమానమే. “శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే పోయే ఊరికి ఫిలిప్పీన్స్ మీంచి పోవడమేంట్రా” అంది.

బయటివాళ్లు మమ్మల్ని మోర్మన్లంటారు. 2018 నుంచి మా పెద్దలు పూర్తి పేరే వాడమంటున్నారు గానీ, ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం’ అని బస్సులో పక్కవాడికి చెప్పేలోపు అతని స్టాప్ వచ్చేస్తుంది.

పొద్దున్న ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు లైటు తీసెయ్యాలి. తెల్లచొక్కా, టై. సినిమాల్లేవు, అమ్మాయిలతో తిరగడాల్లేవు. కంపానియన్ అని ఒకణ్ని జతచేస్తారు, బాత్రూమ్ తప్ప ఎక్కడికెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లాలి. సోమవారం సెలవు లాంటిది: బట్టలుతుక్కోవడం, కూరగాయలు, ఇంటర్నెట్ సెంటర్లో ఇంటికి ఈమెయిల్. ఫోన్ మాత్రం క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. అమ్మకు మదర్స్ డే అనేదొకటుందని తెలిసిందే ఆ ఏడాది. 2019 ఫిబ్రవరిలో ఈ రూలు మార్చి వారం వారం మాట్లాడుకోనిచ్చారు. మా తర్వాత బ్యాచ్‌ల వాళ్లను చూస్తే ఇప్పటికీ కాస్త కుళ్లుగానే ఉంటుంది.

మిషన్ అనగానే ముఖం మీద తలుపేశారా, కుక్కల్ని వదిలారా అని అడుగుతారు. అమెరికా ఎల్డర్ల కథలు అలాగే ఉంటాయి మరి. మేం తలుపులు కొట్టుకుంటూ తిరగలేదు. సంఘసభ్యులు తెలిసినవాళ్ల నంబరిస్తే, వాళ్లు రమ్మన్నప్పుడే వెళ్లేవాళ్లం. నాకు తెలుగొచ్చని కె.ఆర్.పురం, రామమూర్తినగర్, మారతహళ్లి వైపు ఉన్న మనవాళ్లందరినీ నాకే అప్పగించారు. అనంతపురం నుంచొచ్చిన సెక్యూరిటీ గార్డులు, చిత్తూరు నుంచొచ్చిన మేస్త్రీల కుటుంబాలు, ఆంధ్రా మెస్ నడిపేవాళ్లు, పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఒక్కరు కూడా పొమ్మనలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మదనపల్లె నుంచి వచ్చిన ఒకావిడ ఇల్లు బాగా గుర్తు. ఒకటే గది, బీరువాకి ఆనించి మడతమంచం. మేం కూర్చునేలోపే రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చేసింది, పైన నురగ. మా సంఘంలో కాఫీ, టీ, సారా, సిగరెట్టు, ఏవీ ముట్టకూడదు. “మేం కాఫీ తాగం అక్కా” అన్నాను. “అయ్యో, టీ పెట్టేస్తా ఉండండి.” “టీ కూడా తాగమక్కా.” ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, పక్కింటికెళ్లి బూస్ట్ డబ్బా అడిగి తెచ్చింది. వద్దంటే బాధపడుతుంది. పాలు మళ్లీ కాగాయి. ఆ తర్వాత జోసెఫ్ స్మిత్ గురించి చెప్పాం: 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పద్నాలుగేళ్ల కుర్రాడు అడవిలోకెళ్లి ఏ సంఘం నిజమైందో చెప్పమని ప్రార్థన చేయడం, తండ్రీ కుమారుడూ ప్రత్యక్షం కావడం. ఆవిడ కళ్లు తుడుచుకుంది. “ఎంత మంచి మాట చెప్పినారు నాయనా, ఆదివారం తప్పకుండా వస్తాం” అంది.

నా కంపానియన్ ఐడహోలో బంగాళాదుంపలు పండించే ఇంటి పిల్లాడు. గోంగూర తింటూ చెమటలు కక్కుతాడు గానీ వద్దనడు. వాళ్ల ఊళ్ళో వస్తానంటే వస్తారు. ఆ ఆదివారం తొమ్మిదింటికే వెళ్లి, మూడో వరుసలో ఐదు ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి, ఒక్కోదాని మీద ఒక్కో పాటల పుస్తకం పెట్టి, గేటు దగ్గర నిలబడ్డాడు. వాళ్లు రారని నాకు శనివారం రాత్రే తెలుసు, ఆవిడ ఫోన్ ఎత్తలేదు కాబట్టి. అయినా అతని ముఖం చూసి ఎలా చెప్పను? సంస్కారం, అంటే ప్రభు బల్ల, వడ్డించేటప్పటికి కూడా (మాకు రొట్టె, నీళ్లే; ద్రాక్షరసం ఉండదు) ఆ ఐదు కుర్చీలూ అలాగే ఉన్నాయి. తర్వాత ఎప్పుడెళ్లినా ఆవిడ అంతే ప్రేమగా లోపలికి పిలిచేది, బూస్ట్ ఇచ్చేది, ఆదివారం వస్తాననేది.

ఈ ‘తప్పకుండా’లన్నీ ఆదివారం రాత్రి లెక్కలోకి వెళ్లాలి. ఎన్ని పాఠాలు చెప్పారు, ఎంతమంది సంఘానికొచ్చారు, ఎంతమందికి బాప్తిస్మం తేదీ పెట్టారు. కీ ఇండికేటర్స్ అనేవాళ్లం. అంకెలు తక్కువైతే ఎవరూ తిట్టరు, విశ్వాసం పెంచుకోండి అంటారు. తిడితేనే నయం. నాకు మిషన్‌లో నచ్చనిది ఏదంటే ఇదే, ఇప్పటికీ దీని మీద నా అభిప్రాయం మారలేదు. పక్కింటికెళ్లి బూస్ట్ అడుక్కొచ్చిన మనిషిని ఏ గడిలో రాయాలి?

“ఇదేం కొత్త సంఘం బాబూ, అమెరికావాళ్లదా?” అని అడిగేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక తెలుగు కథ ఉండేది. ఎడ్విన్ ధర్మరాజు అనే హైదరాబాదీ సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ సంఘంలో చేరాడు. 1978లో ఆయన, భార్య ఎల్సీ హైదరాబాద్ తిరిగొచ్చి సొంత బంధువులకే చెబితే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు పాస్టరు. బైబిల్‌తో పాటు మేం చదివే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే. బాప్టిస్టు పాస్టరనేసరికి మావాళ్లు తలెత్తి వినేవాళ్లు.

అయినా మా ఆరాధన మనవాళ్లకు చప్పగా ఉండేది. డోలక్ లేదు, కంజీర లేదు, స్వస్థత ప్రార్థనల్లేవు, పాస్టరు గర్జించడు. అసలు జీతం తీసుకునే పాస్టరే లేడు, సభ్యులే వంతులవారీగా లేచి మాట్లాడతారు. “ఇది స్కూల్ అసెంబ్లీ లాగుందన్నా” అన్నాడు ఒక పీజీ కుర్రాడు. నవ్వాపుకోలేకపోయాను.

ఒకామెకు మాత్రం అది నచ్చింది. బాప్తిస్మం తీసుకుంటానని తనే అడిగింది. భర్త ఒప్పుకోలేదు. భర్త ఒప్పుకోకుండా పెళ్లైన మనిషికి బాప్తిస్మమివ్వకూడదని మా రూలు, అది మంచి రూలే. నేనున్నన్నాళ్లూ ఆమె వెనక వరుసలో కూర్చుని, భర్త లేచేలోపు ఇంటికి వెళ్లిపోయేది. లెక్కల కాగితంలో ఆమె పక్కన తేదీ గడి ఖాళీ. మా సంఘంలో అంత గట్టి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక సంతోషం. కదిరి దగ్గరి పల్లె నుంచొచ్చిన గార్డు ఒకతను, నాకంటే చిన్నవాడు, నిజంగానే ప్రతి ఆదివారం వచ్చాడు. బాప్తిస్మం రోజు ఏప్రిల్లో పడింది. బెంగళూరు ఏప్రిల్, కుళాయిలో చుక్క లేదు. తొట్టి నింపడానికి ట్యాంకర్ చెబితే అది ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. తెల్లబట్టలేసుకుని మేమిద్దరం మెట్ల మీద కూర్చుని పైపు వైపే చూస్తున్నాం. చివరికి నీళ్లు నడుం దాకా వచ్చాయి. మా దగ్గర ప్రార్థన మాట పొల్లుపోకూడదు, మనిషి పూర్తిగా మునగాలి, ఇద్దరు సాక్షులు చూస్తుంటారు. ముంచాను. కాలి బొటనవేలు తేలింది. సాక్షి తల అడ్డంగా ఊపాడు. రెండోసారి మోకాళ్లు వంచమని చెవిలో చెప్పి ముంచాను. పైకి లేచి, ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ, “అయిపోయిందా అన్నా?” అని పకపకా నవ్వాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఉద్యోగమొచ్చినప్పుడు కూడా అంత ఆనందం లేదు.

కొన్ని వారాలకు అతనికి నైట్ డ్యూటీ పడింది. ఆదివారాలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆలోపు నన్ను వేరే ఏరియాకు మార్చేశారు.

ఇప్పుడు నేనుండేదీ ఈ ఊళ్ళోనే. సంఘానికి వెళ్తాను, కాఫీ ఇప్పటికీ తాగను, ఆఫీసులో బ్రేక్ అంటే నాకు నీళ్ల సీసానే. పోయిన నెల టిన్ ఫ్యాక్టరీ బస్టాప్‌లో ఎవరో “ఎల్డరన్నా!” అని అరిచారు. అతనే. కొంచెం ఒళ్లు చేశాడు, సూపర్‌వైజర్ అయ్యాడట. కె.ఆర్.పురంలో పెద్ద తెలుగు సహవాసానికి వెళ్తున్నాడట, కీబోర్డు, డ్రమ్స్, అన్నీ ఉంటాయట. బ్యాగులోంచి రంగుల కరపత్రం తీసి నా చేతిలో పెట్టాడు. “ఆదివారం రావాలన్నా, మీకోసం ముందు వరసలో కుర్చీ పెట్టిస్తా” అని నా నంబరు తీసుకున్నాడు. తప్పకుండా అనే మాట నోటిదాకా వచ్చింది, చూద్దాం తమ్ముడూ అన్నాను.

శనివారం రాత్రి ఫోన్ చేశాడు. ఎత్తాను. నా సంఘం నాకుంది, రాను తమ్ముడూ అని చెప్పేశాను.

“సరే అన్నా,” అన్నాడు, “అయితే వచ్చే వారం.”