పక్కనుంచి పోయిన గాలి

మూడో ఏడు ఫ్లూయిడ్స్ ల్యాబ్ అనగానే విండ్ టన్నెల్ (గాలిని వేగంగా తోసే సొరంగం లాంటి యంత్రం) మోత ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది. గాలికి అడ్డంగా ఒక సిలిండర్ బిగించారు. దాన్ని ముట్టుకోకుండా, వెనక గాలిని మాత్రమే కొలిచి, దాని మీద డ్రాగ్, అంటే గాలి దాన్ని వెనక్కి లాగే బలం, ఎంతో చెప్పాలి. అదెలా కుదురుతుందో నాకు నమ్మకం కలగలేదు.

గాలి వేగం సెకనుకు 20 మీటర్లు. పీడనాన్ని నీటి ఎత్తుగా చూపే మానోమీటర్‌లో అది దాదాపు 24 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. పిటాట్ ట్యూబ్‌ని (గాలికి ఎదురుగా పెట్టి దాని వేగం కొలిచే సన్న గొట్టం) అడ్డంగా కొంచెం కొంచెం జరుపుతూ వేక్, అంటే సిలిండర్ వెనక నెమ్మదించిన గాలి పట్టీ, మధ్యకు వచ్చేసరికి ఆ ఎత్తు 6కి పడింది. ఆ ఎత్తు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది, అంటే వేగం సగం. అక్కణ్ణుంచి రెండు అంచుల దాకా వేగం ఇంచుమించు సూటి గీతలా పెరిగింది.

లెక్క సులువనుకున్నాను. సిలిండర్ చుట్టూ ఒక పెట్టె ఊహించుకుని, దానిలోకి ముందు నుంచి వచ్చిన మొమెంటంలోంచి (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) వెనక నుంచి పోయినది తీసేశాను. సిలిండర్ మీది బలాన్ని నేరుగా కొలిచే బ్యాలెన్స్ చూపించిన డ్రాగ్‌కి రెండున్నర రెట్లు వచ్చింది! టెన్షన్‌తో మళ్లీ మళ్లీ కూడి చూశాను. కూడికలో తప్పు లేదు.

సార్ కాగితం చూసి ఒక్కటే అడిగారు: "లోపలికి వచ్చిన గాలంతా వెనక నుంచే పోయిందా అమ్మా?"

పోలేదు. వెనక గాలి నెమ్మదించింది కాబట్టి, మిగిలింది నా ఊహా పెట్టె పక్కల నుంచి బయటికి పోయింది, దాదాపు పూర్తి వేగంతో, తన మొమెంటం తనతోనే తీసుకుని. దాన్ని కూడా నేను సిలిండర్ ఖాతాలో వేశాను. నిజానికి లెక్కలోకి రావాల్సింది వేక్ గుండా పోయిన గాలి మాత్రమే. అందులో ప్రతి కిలో ఎంత వేగం పోగొట్టుకుందో చూడాలి. సాంద్రతని అక్కడి వేగంతో, ఆ వేగం ఎంత తగ్గిందో దానితో గుణించి, వేక్ వెడల్పంతా కూడాలి. అలా చేస్తే బ్యాలెన్స్‌తో సరిపోయింది. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందం ఇంకా తాజాగానే ఉంది.

ఇందులో ఒక షరతుంది. వస్తువుకి మరీ దగ్గరగా కొలిస్తే అక్కడ స్టాటిక్ పీడనం (గాలి కదలికతో సంబంధం లేని మామూలు పీడనం) ఇంకా చుట్టుపక్కల గాలి స్థాయికి కోలుకోదు, అందుకని వేగాలు మాత్రమే సరిపోవు. దీనికి బెట్జ్ 1925లో ఒక పద్ధతి చెప్పారు. 1936లో మెల్విల్ జోన్స్ ఇంకో సులువైన పద్ధతి ఇచ్చారు. సార్ రెండూ బోర్డు మీద రాబట్టి చూపించారు.

చివరగా ట్యూబ్‌ని ఇంకా వెనక్కి జరిపి కొలిచాం. వేక్ వెడల్పయింది, మధ్యలో వేగం పడిపోయిన పల్లం తగ్గింది. కూడి చూస్తే డ్రాగ్ మాత్రం ఇంచుమించు అంతే.