ఇప్పచెట్టు కింద వృక్షాసనం

పెద్దపల్లి నుండి సిరోంచకు పెద్ద దూరమేమీ కాదు. మంథని మీదుగా కాళేశ్వరం చేరి, గోదావరి వంతెన దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అడుగు పెట్టినట్లే. అయినా ఆరేళ్ళ క్రితం యోగా శిక్షకురాలిగా ఈ ఒడ్డుకు వచ్చినప్పుడు నాకు పరదేశం చేరినట్లే అనిపించింది. బడిలో హాజరు పట్టీ మరాఠీలో, సంతకం పెట్టవలసిన కాగితాలు మరాఠీలో, పెద్దసారు చెప్పే సూచనలు మరాఠీలో ఉండేవి. బయట బజారులో కూరగాయలమ్మే అవ్వ మాత్రం మా ఊరి యాసలోనే ‘ఏం గావాలె బిడ్డా’ అని అడిగేది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే ఈ మూల ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఆ ఇళ్ళ పిల్లలు చదివేది మరాఠీ బడిలో గనుక తెలుగు గలగలా మాట్లాడతారు గాని తెలుగు అక్షరం గుర్తుపట్టలేరు. వారి పక్కనే కూర్చునే మాడియా గోండు ఆదివాసీ పిల్లలకు ఇంటి భాష మరొకటి. ఒకే తరగతిలో మూడు భాషలు వినిపించే చోట, చెట్టును ఆధారం చేసుకొని ఆసనాలూ పర్యావరణ పాఠమూ కలిపి చెప్పడం నాకు అప్పగించిన పని. అందుకిచ్చే డబ్బును ఇక్కడ జీతమనరు, మాన్‌ధన్, అంటే గౌరవ వేతనం అంటారు. అది నెలనెలా రాదు. మూడు నాలుగు నెలలది ఒకేసారి వచ్చేది, ఈలోగా గది అద్దెకు ఇంటి నుండి తెప్పించుకోవలసి వచ్చేది. ఆ ఇబ్బందిని ఇక్కడితో వదిలేస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది చెట్టు గురించి.

శిక్షణలో నాకు నేర్పిన వరస ఇది. పిల్లలు ముందుగా బాలాసనంలో నుదురు నేలకు ఆనించి విత్తనంలా ముడుచుకుంటారు. తరువాత మోకాళ్ళ మీద లేచి మొలకవుతారు. తాడాసనంలో రెండు చేతులూ పైకెత్తి కాండమవుతారు, తిర్యక్ తాడాసనంలో నడుము దగ్గర పక్కకు వంగి గాలికి ఊగుతారు, చివరకు వృక్షాసనంలో నిలుస్తారు. తాడాసనం పేరులోని ‘తాడ’ శబ్దానికి పర్వతమని కొందరు, తాటిచెట్టని కొందరు అర్థం చెబుతారు. తాటిచెట్లను చూస్తూ పెరిగిన నా పిల్లలకు రెండో అర్థమే దగ్గరిది కాబట్టి నేను దానినే పట్టుకున్నాను. వృక్షాసనం నిన్న మొన్న పుట్టినది కాదు. ఎడమ తొడ మొదట కుడి పాదాన్ని ఉంచి నేల మీద చెట్టువలె నిలవమని ఘేరండ సంహిత చెబుతుంది. మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవ శిల్పులు మలచిన పెద్ద బండ మీద ఒక తపస్వి చేతులు పైకెత్తి ఒంటికాలిపై నిలుచుని ఉంటాడు, ఆ పక్కనే ఒక పిల్లి అతనిలాగే నిలుచుని ఉంటుంది. ఆ చిత్రాన్ని చూపించిన రోజున పిల్లలు తపస్విని వదిలేసి, పిల్లి కాళ్ళ దగ్గర చేరిన ఎలుకలను లెక్కపెట్టడంలో మునిగిపోయారు. ఆ తరువాత ఒంటికాలిపై నిలవమంటే ఒక్కరూ మారాం చేయలేదు.

పాదాన్ని మోకాలి మీద ఆనించకూడదని, తొడకో పిక్కకో ఆనించాలని, చూపును ఎదురుగా కదలని ఒక్క చోట నిలపాలని మొదట చెబుతాను. ఆ తరువాత ఇద్దరేసి పిల్లలను ఎదురెదురుగా ఉంచి, ఒకరు ఆసనం వేస్తుంటే రెండోవారిని కింద కూర్చుని ఆ నిలబడిన పాదాన్నే చూడమంటాను. దూరం నుండి చూస్తే బొమ్మలా నిలిచినట్లుండే పిల్లవాడి పాదం దగ్గర ఎంత పని జరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. బొటనవేలు మట్టిని గీరుతుంది, చిటికెనవేలు లేచి మళ్ళీ ఆనుకుంటుంది, చీలమండ పక్కన నరాలు బిగుస్తూ వదులవుతూ ఉంటాయి, అరికాలి కింద దుమ్ము చిన్న చిన్న గీతలుగా జరుగుతుంది. అట్లా చూస్తూ కూర్చున్న ఒక ఐదో తరగతి అమ్మాయి, ‘మేడం, చెట్టు గూడ లోపట గిట్లనే కదులుతదా’ అని అడిగింది. వేరు నుండి ఆకు దాకా నీరు ఎక్కడం, ఆకు అడుగున ఉండే సన్నని రంధ్రాల నుండి అది ఆవిరైపోవడం గురించి చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు.

అయితే మొదటి ఏడాది నేను ఇట్లా చెప్పలేదు. శిక్షణలో ఇచ్చిన పటాలనే గోడకు తగిలించి, వాటిలో ఉన్న పాఠాన్నే మరాఠీలోకి మార్చి అప్పజెప్పాను. ఆ పటాల్లో ఉన్న చెట్లు ఈ పిల్లలు ఎన్నడూ చూడని చలిదేశపు చెట్లు. వాటి కింద ‘చెట్టును కొట్టవద్దు, అడవిని కాపాడండి’ అని రాసి ఉండేది. ఒకనాడు వృక్షాసనం వేయించి, అందరి చేతా ఆ మాటలు మూడుసార్లు అనిపించాను. రెండో వరసలో ఉన్న ఒక అమ్మాయి పెదవి కదపలేదు. ఎందుకని అడిగితే తల వంచుకుంది. విరామంలో పక్కనున్న పిల్ల నా దగ్గరకు వచ్చి, ఆమె తల్లి రోజూ అడవి నుండి ఎండుకట్టెల మోపు తెచ్చి అమ్మి ఇల్లు గడుపుతుందని చెప్పింది. తన తల్లిని తరగతి మధ్యలో నిలబెట్టి నేను తిట్టినట్లుగా ఆ పిల్లకు తోచింది. ఎండి రాలిన పుల్ల ఏరుకునే తల్లినీ, రాత్రిపూట టేకు దూలాలు లారీకెక్కించే దొంగనూ ఒకే వాక్యంలో కలిపేసినది నేనే. మరునాడు ఆ పటాలు తీసేశాను. ఇంటికి వెళ్ళేటప్పుడు చూసిన చెట్లలో మీ ఇంటివాళ్ళకు పని కల్పించే చెట్లేవో చెప్పమని అడిగాను.

ఆ రోజు పలక నిండింది. తెలుగులో టేకు, మరాఠీలో సాగ్. తునికి, తేందు. మోదుగ, పళస్. మర్రి, వడ్. రావి, పింపళ్. చింత, చించ్. అన్నిటికంటే ఎక్కువ చేతులు లేచింది ఇప్పకు, మరాఠీలో మోహకు. మాడియా పిల్లలు తమ భాషలో దాని పేరు పలికినప్పుడు, అది మన ఇప్పకు చుట్టమేనని వినగానే తెలిసింది. మూడు భాషల పిల్లలూ ఒకే చెట్టు దగ్గర కలిశారు. నా తరగతి ఆ చెట్టు కిందికి మారింది అప్పుడే.

ఇప్పపూల కాలంలో ఏ తరగతీ నిండుగా ఉండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్టు ఆకు రాల్చి, కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. లేత పసుపు రంగులో, కండపట్టి, తేమగా ఉండే ఆ పూలు రాత్రంతా రాలుతూ తెల్లవారేసరికి నేలంతా పరచుకుంటాయి. పశువులూ ఎలుగుబంట్లూ రాకముందే ఏరుకోవాలి గనుక ఇంటిల్లిపాదీ చీకటితోనే గంపలు పట్టుకొని వెళతారు. పిల్లలు కూడా వెళతారు. ఉదయం ఏడు గంటలకు యోగా తరగతి పెట్టి, రాని పిల్లల పేర్ల ఎదుట గైర్హాజరు రాసుకున్న నా పట్టీలను ఇప్పుడు చూస్తే బాధ కలుగుతుంది. అప్పుడు వారు చెట్టు కిందనే ఉన్నారు, గంటల తరబడి వంగి లేస్తూ ఉన్నారు. ఇప్పుడు ఆ రెండు నెలలు తరగతిని పదిన్నరకు జరిపాను. నడుములు పట్టేసిన పిల్లలతో మొదట మార్జాలాసనం వేయించి, వెన్ను వదులైన తరువాతనే నిలబెడతాను.

ఇప్పపూలు ఏరేవారు చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెడతారు. నేల శుభ్రమైతే పువ్వు కనబడుతుంది, ఏరడం తొందరగా ముగుస్తుంది. ఆ నిప్పు ఒక్కొక్కసారి చెట్టు కిందనే ఆగదు. ఎండాకాలం అడవిలో మంటలు లేవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ మంటలో మొదట పోయేది జానెడు ఎత్తు లేని ఇప్పమొలక. పెద్దచెట్లు ఉన్నా వాటి చుట్టూ పడుచు చెట్లు కనబడకపోవడానికి ఇదీ, విత్తనమంతా నూనె కోసం ఏరివేయడమూ కారణాలు. ఈ సంగతిని పిల్లలకు చెప్పడం సులువు, ఇంటి పెద్దలకు చెప్పడమే కష్టం. బడి పక్కన ఉండే ఒక అవ్వతో నేను మాట కలిపినప్పుడు ఆమె కోపగించుకోలేదు గాని, ‘ఆకు కాల్వకపోతే పువ్వు ఎట్ల కండ్లబడుతది బిడ్డా, నువ్వొచ్చి ఏరుతవా’ అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. మరునాడు తెల్లవారుజామున నేను నిజంగానే వెళ్ళాను. పిల్లలతో కలిసి ఈతాకు చీపుర్లతో ఆమె చెట్టు చుట్టూ ఊడ్చి, ఆ ఆకునంతా బడి వెనుక ఎరువు గుంతలో వేశాము. ఊడ్చిన నేల మీద పువ్వుకు మసి అంటలేదు, మట్టీ తక్కువే అంటింది. అది చూసి అవ్వ ఏమీ అనలేదు. రెండో ఏడు మాత్రం చీపురు తానే తెచ్చుకుంది. ఊరంతా అట్లా మారిందని నేను చెప్పలేను. ఇప్పటికీ మార్చి రాత్రుల్లో దూరాన గుట్ట మీద ఎర్రని గీత కనబడితే నాకు నిద్ర పట్టదు.

యోగా దినోత్సవం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానించిన జూన్ 21, పర్యావరణ దినోత్సవమైన జూన్ 5, రెండూ విదర్భ బడులకు వేసవి సెలవుల్లోనే వస్తాయి. ఎండల వల్ల ఇక్కడ బడులు సాధారణంగా జూన్ చివరలో గాని తెరవరు. మొదట్లో అది నాకు లోటుగా తోచేది. ఇప్పుడు తోచదు, ఎందుకంటే బడి తెరిచే ఆ రోజుల్లోనే ఇప్పకాయ పండి రాలుతుంది. దాని విత్తనం ఎక్కువ కాలం నిలువ ఉండదు, కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది గనుక తొలి వానలకే నాటాలి. కాబట్టి మా సంవత్సరం బాలాసనంతో మొదలవుతుంది. పిల్లలు తడినేల మీద గోనెపట్టాలు పరచుకొని నుదురు ఆనించి ముడుచుకుంటారు, లేచిన తరువాత ఒక్కొక్కరు ఒక్కొక్క విత్తనం నాటుతారు. మొదటి ఏడు నాటిన వాటిలో మొలిచినవి సగమైనా లేవు, మొలిచిన వాటిని మేకలు తినేశాయి. రెండో ఏడు తుమ్మకంప కట్టాము. అట్లా దక్కిన మొక్కలు ఇప్పుడు నా భుజం దాకా వచ్చాయి. ఇప్ప పూయడానికి పదేళ్ళ దాకా పడుతుందని విన్నప్పుడు ఏడో తరగతి పిల్లలు తమ వయసుకు పదేళ్ళు కలుపుకొని, అప్పటికి తాము ఎక్కడ ఉంటామోనని చాలాసేపు మాట్లాడుకున్నారు. పుణె, హైదరాబాద్, నాగపూర్ అన్నవారే ఎక్కువ. ఇల్లు వదిలి వచ్చినదాన్ని కాబట్టి నేను ఆ మాటల్లో కలగజేసుకోలేకపోయాను.

మా జిల్లా ఉత్తర భాగంలో ధానోరా తాలూకాలో ఉన్న మేంఢా లేఖా అనే గోండు గ్రామం కథను నేను ప్రతి ఏటా చెబుతాను. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2009లో తమ అడవి మీద సామూహిక హక్కు పొందిన తొలి గ్రామాలలో అది ఒకటి. వెదురు అమ్ముకునే అధికారం చేతికి రావడానికి వారు ఇంకా పోరాడవలసి వచ్చింది, 2011లో అది సాధించారు. ఈ కథ విన్నప్పుడు పెదవి కదపని ఆ అమ్మాయి, అప్పటికి పై తరగతికి వచ్చింది, ‘అయితే మా అమ్మ గూడ కాయిదం తెచ్చుకోవచ్చునా’ అని అడిగింది. ఒక్క మనిషికి వచ్చే కాగితం కాదని, ఊరి గ్రామసభ కూర్చుని అడగవలసినదని చెప్పాను. ఆసనాల తరగతిలో ఈ మాటలెందుకని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. చెట్టు గురించి చెబుతూ చెట్టు మీద ఎవరికి హక్కుందో చెప్పకుండా దాటవేయడం నాకు చేతకాదని వినయంగానే జవాబిచ్చాను.

పోయిన చలికాలంలో పిల్లలను వడధంలోని శిలాజ వనానికి తీసుకువెళ్ళాము. మా తాలూకాలోనే ఉన్న ఈ చోట జురాసిక్ కాలం నాటి చెట్ల మొదళ్ళు రాళ్ళుగా మారి నేల మీద పడి ఉంటాయి. పిల్లలు దుంగ మీద చేయి వేసి, చూడటానికి కట్టెలాగే ఉండి తాకితే చల్లగా రాయిలా ఉన్నందుకు ఆశ్చర్యపోయారు. దాని చుట్టూ వలయంగా నిలిచి, పక్కవారి అరచేతికి అరచేయి ఆనించి వృక్షాసనం వేశారు. ఎవరైనా తూలితే వలయమంతా అటే ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. ఆసనం అయిపోయాక ఒక మాడియా అబ్బాయి దుంగ పక్కన గొంతుకూర్చుని, ఏరుతున్నట్లుగా వేళ్ళతో మట్టి కదిపాడు. ఈ చెట్టుకు ఏ పువ్వు పూసేదని నన్ను మరాఠీలో అడిగాడు. ఇవి దేవదారు వంటి జాతి చెట్లని, వీటికి పువ్వులే లేవని, ఈ చెట్లు నిలిచి ఉన్న కాలానికి భూమి మీద పూలచెట్లు ఇంకా రానేలేదని చెప్పాను. అతడు కొంతసేపు ఆలోచించాడు. పూలు లేకపోతే తెల్లవారుజామున దీని కిందికి ఎవరు వచ్చేవాళ్ళని అడిగాడు. ఎలుగుబంట్లు కూడా అప్పటికి లేవని అంటే నమ్మలేనట్లు నా ముఖంలోకి చూశాడు. ఆ తరువాత లేచి, మిగిలిన పిల్లలు బస్సు వైపు నడుస్తున్నా తాను ఆగి, ఆ రాతి దుంగ పక్కన ఒంటికాలిపై మళ్ళీ నిలబడ్డాడు. నేను పిలవకుండా అతడు కాలు దించేదాకా ఉన్నాను.