విరాటుడి వంటింట్లో నలుగురు పిల్లలు

మా అన్న కూతురిని మావాడు "అక్కా" అని పిలిచినప్పుడల్లా మా అమ్మ వంటింట్లోంచే దిద్దుతుంది: "అక్క కాదురా, వదిన." వాడు నా మొహం చూస్తాడు. మేముండే స్వీడన్‌లో ఆ పిల్ల వాడికి ఉత్త "కుసీన్". మేనమామ పిల్లలైనా, పిన్ని పిల్లలైనా అక్కడ ఒకటే మాట.

వాడికి పన్నెండేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనో స్వీడిష్‌లోనో వస్తుంది. రెండేళ్లు ఆన్‌లైన్ తెలుగు క్లాసులో చేర్చాను. గుణింతాలు, వత్తులు, ఆవు మీద ఐదు వాక్యాలు. ఐదులో నాలుగు నేనే చెప్పి రాయించానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నిరుడు వాడి బడిలో, ఇంగ్లీషు క్లాసులో ఒక పని పెట్టారు. నలుగురు పిల్లలు ఒక జట్టు. తెలిసిన నవల తీసుకుని, అందులో రచయిత చెప్పకుండా దాటేసిన ఘట్టం ఒకటి వెతకాలి. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర గొంతుతో దాన్ని కలిసి రాయాలి. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. ఇదేం చదువు అనుకున్నాను. తర్వాత తెలిసింది, మాల్మో యూనివర్సిటీలో ఇంగ్లీషు టీచర్లు కాబోయేవాళ్ల చేత టోల్కీన్ నవల 'హాబిట్' మీద ఇలాగే రాయించి, 2016లో వ్యాసం కూడా వేశారని. పాత్రలా మాట్లాడాలంటే ఆ మనిషి ఏ మాట వాడతాడో పట్టుకోవాలి, దానికి మూలం మళ్లీ మళ్లీ చదవాలి. పుస్తకం చూస్తే ఆవలించే మావాడు ఆ నవలను మూడుసార్లు తిరగేశాడు.

మొన్న జూన్‌లో కావలి వచ్చాం. రాత్రిపూట పిల్లలు నలుగురూ మిద్దె మీద చేరేవాళ్లు. గాలాడక ఉడికిపోతున్న ఒక రాత్రి నేనే కదిపాను: పాండవులు అజ్ఞాతవాసంలో మొదటిరోజు విరాటుడి వంటింట్లో ఏం చేసుంటారు, రాయండి చూద్దాం.

మా అమ్మకి నచ్చలేదు. "భారతానికి మీరు అతుకులేసేదేందే?" అంది. నేను ఎర్రనను అడ్డం పెట్టుకున్నాను. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. మన నెల్లూరు తిక్కన ఆ మిగిలిందాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. ఆ ఖాళీని 14వ శతాబ్దంలో పూరించిన ఎర్రనది గుడ్లూరు, మా కావలికి ఎంతో దూరం లేదు. నన్నయే రాస్తున్నట్టుగా రాసి రాజరాజనరేంద్రుడికే అంకితం కూడా ఇచ్చాడు. మరి అది అతుకు కాదా? "వాళ్లు కవులు, మీరు కోతులు" అంది మా అమ్మ. లాంగ్ నోట్‌బుక్కుకి డబ్బులిచ్చింది మాత్రం ఆవిడే.

మావాడు వలలుడు, అంటే వంటవాడి వేషంలో భీముడు. అన్న కూతురు సైరంధ్రి, అంటే ద్రౌపది. దాని తమ్ముడు కంకుభట్టు, అంటే ధర్మరాజు. ఎనిమిదేళ్ల మా పాప బృహన్నల. మూడు లైన్లు రాసి పేజీ నిండా గజ్జెల బొమ్మలేసింది.

మావాడు రాసిన మొదటి వాక్యం: "కంకుభట్టు, నువ్వు తిన్నావా?" వాళ్ల వదిన పకపకా నవ్వింది. "సభలో పెద్దాయన్ని నువ్వంటే తంతారు." స్వీడన్‌లో 1960ల చివర్లోనే గౌరవ పిలుపులు పక్కన పెట్టి అందరూ అందరినీ "దూ" అనడం మొదలుపెట్టారు. వాడు టీచరునీ, డాక్టరునీ, నన్నూ అదే అంటాడు. "మీరు" గురించి నేనెంత చెప్పినా ఎక్కలేదు. ఇప్పుడు వాడికే తట్టింది. రాజు ముందు "మీరు" అనాలి. ఒంటరిగా దొరికితే "అన్నా, నువ్వు" అనొచ్చు. సభలో నోరుజారి "అన్నా" అంటే గుట్టు బయటపడి మళ్లీ పన్నెండేళ్లు అడవికి! ఆ నోరుజారబోయే సీను ఒక్కటే రెండు పేజీలు రాశాడు. వత్తులు సగం తప్పే. నేను పెన్ను ముట్టుకోలేదు. తన వంతు జవాబు రాయాలంటే అర్థం కావాలి కాబట్టి వాళ్ల వదినే కూర్చోబెట్టి దిద్దించింది.

సైరంధ్రి మాటలు అచ్చం మా ఊరి మాటలు. "ఏంది వలలా, ఇంకా పొయ్యి ముట్టించలా?" దాన్ని "ముట్టించలేదా" అని మార్చబోతే మావాడు అడ్డుపడ్డాడు. వదిన అట్టాగే మాట్లాడుతుందట. వాడి నోట "అట్టాగే" వినడం నాకదే మొదలు.

ఇక వలలుడి వంట. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు. రాత్రి వండి పొద్దున రాజుకి పెడతాడు, మర్నాటికే రుచి కదా. ఇది మా అమ్మ సలహా, అప్పటికి ఆవిడా జట్టులో చేరిపోయింది. మిరపకాయలు ఎన్ని వెయ్యాలని తగవొస్తే మావాడు ఫోన్‌లో వెతికి, మిరప పోర్చుగీసువాళ్లతో వచ్చిందనీ, తిక్కన కూడా దాని రుచి ఎరగడనీ తేల్చాడు. "మిరపకాయ లేకుండా పులుసెట్టా?" అని మా అమ్మ చాలాసేపు బాధపడింది. చివరికి మిరియాలు వేశారు.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. సగం బరువు అన్న కూతురే మోసింది. కొన్ని రోజులు మావాడు చెబుతుంటే అదే రాసింది. అన్నం దగ్గర వాడు ఇప్పటికీ ఇంగ్లీషే.

ఆగస్టులో తిరిగొచ్చేశాం. నోట్‌బుక్ కావలిలోనే ఉంది. వాట్సాప్‌లో అప్పుడప్పుడూ పేజీ ఫోటో వస్తుంది, ఇటు నుంచి జవాబు వెళ్తుంది. నిన్న కథలోకి కీచకుడు దిగాడు. మావాడు పెన్ను పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, కీచకుడికి నువ్వా, మీరా?"

రాజుగారి బావమరిది కదా, చంపేదాకా మీరే అన్నాను.