అర క్వాంటమ్‌కు ఇంత అనుమానమా!

"ఇంత చక్కగా కుదిరిందంటేనే నాకు అనుమానం." నేను కొలిచి తెచ్చిన అంకె చూసి మా ప్రయోగశాల పెద్దాయన సమావేశంలో అందరి ముందూ నాతో అన్న మాట ఇది. అక్కడితో ఆగలేదు. కేబుళ్లు మార్చి, ఫ్రిజ్‌ను మళ్లీ మొదటి నుంచి చల్లబరిచి కొలవమన్నారు. అది వేడెక్కి, తిరిగి పది ఇరవై మిల్లీకెల్విన్‌ల దాకా, అంటే అంతకుమించి చలి లేని పరమశూన్యానికి దాదాపు అంచుదాకా, దిగాలంటే రోజులు పడతాయి. చెప్పినంత తేలిక కాదు.

గొడవంతా ఒక అంకె గురించి. మా సర్క్యూట్ అల్యూమినియంతో చేసింది, 1.2 కెల్విన్ కంటే కిందికి దిగితే అతివాహకమవుతుంది, అంటే కరెంటుకు అడ్డే లేకుండా పోతుంది. అయినా, ఎంత చల్లబరిచినా అందులో వోల్టేజీ పూర్తిగా నిలకడకు రాదు. వేడి వల్ల పుట్టే నాయిస్, అంటే అడ్డదిడ్డమైన ఊగిసలాట, అణగిపోయాక కూడా అర క్వాంటమ్ (ఆ పౌనఃపున్యానికి ఉండే శక్తి ముక్కలో సగం) మిగిలే ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ దగ్గర దాన్ని ఉష్ణోగ్రతగా చెప్పుకుంటే 0.12 కెల్విన్. దాన్ని వినడానికి ఫ్రిజ్‌లోనే 4 కెల్విన్‌ల అంతస్తులో పెట్టిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తనంతట తాను కలిపే నాయిస్ రెండు కెల్విన్‌ల పైమాటే. వినేవాడి గోలలో వినవలసినది పదిహేనో వంతు కూడా ఉండదు. అందుకే దాని ముందు జోసెఫ్‌సన్ పారామెట్రిక్ యాంప్లిఫయర్ పెడతాం. జోసెఫ్‌సన్ జంక్షన్లతో, అంటే పల్చని పొర అడ్డున్న అతివాహకాల జంటలతో చేసిన ఇది చాలా తక్కువ నాయిస్ కలుపుతుంది. దానికీ హద్దు ఉంది: సంకేతం దశను (తరంగం ఎత్తుపల్లాలు ఎప్పుడెప్పుడు వస్తాయన్నదాన్ని) చెడగొట్టకుండా బాగా పెంచే ఏ యాంప్లిఫయరైనా తన వంతుగా కనీసం మరో అర క్వాంటమ్ కలుపుతుందని 1982లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్‌టన్ కేవ్స్ చూపించారు. అర, అర కలిస్తే ఒకటి. నాకు వచ్చినది ఒకటికి కాస్త పైన. హద్దుకు అంత దగ్గరగా రావడమే పెద్దాయనకు కంటగింపు.

ఆయన అనుమానం కేబుల్ మీద. నాయిస్ కొలవాలంటే ముందు ఎంతో తెలిసిన నాయిస్ ఒకటి కావాలి. 50 ఓంల రెసిస్టర్‌ను వేడిగా ఒకసారి, చల్లగా ఒకసారి ఉంచి దాన్ని పుట్టిస్తాం. ఆ రెసిస్టర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య కేబుల్, స్విచ్, సంకేతాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే సర్క్యులేటర్ తలా కొంత మింగేస్తాయి. మింగినదాన్ని 1 డెసిబెల్ ఎక్కువగా లెక్కవేశామా, ఒక క్వాంటమ్ కాస్తా 0.8గా కనబడుతుంది. ప్రకృతి పెట్టిన హద్దునే దాటేశామని పేపరు రాసుకోవచ్చు!

ఇది నాకు తెలియనిదా? ఆ నష్టాన్ని చలిలోనే, స్విచ్ అటూ ఇటూ తిప్పి కొలిచాను. పట్టిక ముందే ఆయన చేతికిచ్చాను. అయినా మార్చమంటారు. నేను వలస వచ్చిన ఈ చోట అంకెను అనుమానించడం మర్యాదే. దాన్ని తెచ్చిన మనిషి ముఖం ఎలా మారిందో చూడటం మాత్రం ఎవరి పనీ కాదు. నాకు చదువు చెప్పిన మాస్టారు కూడా తక్కువ అనుమానస్తులేమీ కారు. కానీ గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, "ఇంకోసారి చూడు నాయనా" అనేవారు. ఆ మాటకు రాత్రంతా మేలుకుని కొలిచేవాణ్ణి. ఆయన గదిలో పుట్టిన అనుమానాలు కొన్ని ఆ గది దాటి రాలేదన్నదీ నిజమే. అయినా నాకు ఆ గదే నయం.

పక్క బల్ల దగ్గరి అమ్మాయి మాత్రం నవ్వేసింది. పెద్దాయన తన సొంత పాత గ్రాఫులనే ఇంతకంటే ఘోరంగా చీల్చి చెండాడతారట. అది నేనూ చూశాను, కాదనను.

ఒక ఊరట ఉంది. 1928లో ఈ నాయిస్ లెక్కకు పునాది వేసిన జాన్సన్, నైక్విస్ట్ ఇద్దరూ స్వీడన్‌లో పుట్టి అమెరికాకు వలస వెళ్లినవాళ్లే. 1980ల మొదట్లో బర్కిలీలో, జోసెఫ్‌సన్ జంక్షన్‌లో క్వాంటమ్ నాయిస్‌ను కొలిచిన బృందానికి పెద్ద జాన్ క్లార్క్ కూడా ఇంగ్లండ్ నుంచి వెళ్లినవారే. వాళ్లనూ ఎవరో ఒకరు కేబుల్ మార్చమనే ఉంటారు.

సరే, మారుస్తున్నాను. ఊరికే కాదు, ఈసారి రెసిస్టర్‌తో పాటు ఒక టన్నెల్ జంక్షన్ (ఎలక్ట్రాన్లు పల్చని అడ్డుపొరను దూరి వెళ్లే జోడు) కూడా పెడుతున్నాను. దాని షాట్ నాయిస్, అంటే ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా దాటడం వల్ల పుట్టే నాయిస్, వోల్టేజీతో ఎలా పెరగాలో ఎలక్ట్రాన్ ఆవేశమే చెబుతుంది, థర్మామీటర్‌ను నమ్ముకోనక్కర్లేదు. రెండూ ఒకే అంకె చూపిస్తే ఒక్క ముక్కలో మెయిల్ పెడతాను. వేర్వేరుగా చూపిస్తే మాత్రం ఆయన గదికే వెళ్లి, తలుపు వేసి మరీ మాట్లాడతాను.