కరెంటు పోని రాత్రి కూడా ఆగిన డిస్క్

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంటులో, హాలులోని టీవీ బల్ల కింద, రౌటర్‌కు తగిలించిన 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటి మూడేళ్లుగా ఉంటోంది. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన రెండున్నర అంగుళాల డిస్క్‌కు ఒక కేసు కొని, రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లైనక్స్ ఆధారిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఇంట్లోని ఫోన్లన్నీ రాత్రి వేళ తమ ఫోటోలను అందులోకి పంపేలాగా, టీవీ అందులోంచి వీడియోలు తీసుకొని చూపేలాగా ఏర్పాటు చేసుకున్నాను. ఈ ఏర్పాటు చెడిపోయిందని మొదట గుర్తించినది నేను కాదు, అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ. "ఏం నాయనా, మొన్న లేపాక్షిలో తీసిన ఫోటోలు టీవీలో రాలేదే?" అని ఆమె అడిగేటప్పటికి మా చెల్లెలి పెళ్లి వీడియో అదే డిస్క్ నుంచి చక్కగా ఆడుతోంది. చూస్తే, అప్పటికి పదకొండు రోజులుగా ఒక్క కొత్త ఫోటో కూడా డిస్క్‌లోకి చేరలేదు.

పాతవి కనిపిస్తూ కొత్తవి చేరకపోవడం ఈ జబ్బుకు ప్రధాన లక్షణం. డిస్క్‌లో ఫైళ్లను అమర్చి ఉంచే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పులను ముందుగా జర్నల్ అనే చిట్టాలో రాసుకొని, ఆ తరువాతే అసలు చోట రాస్తుంది. ఆ చిట్టా రాయడమే విఫలమైతే, ఇక రాస్తూ పోతే ఉన్నది కూడా చెడుతుందని రౌటర్‌ను నడిపే లైనక్స్ కెర్నెల్ జర్నల్‌ను రద్దుచేసి, డిస్క్‌లోని ఆ విభాగాన్ని రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చేస్తుంది. టీవీకి చదవడమే పని కనుక దానికి తేడా తెలియదు. ఫోన్‌లోని బ్యాకప్ యాప్ మాత్రం లోలోపల విఫలమవుతూ, మళ్లీ ప్రయత్నిస్తూ, ఎవరికీ చెప్పకుండా ఉండిపోతుంది. పదకొండు రోజులపాటు మాకు తెలియకపోవడానికి కారణం ఇదే.

నేను చేసిన మొదటి తప్పు రౌటర్‌ను ఆపి మళ్లీ వేయడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో లాగ్, అంటే జరిగిన సంగతుల నమోదు, మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది. రౌటర్ ఆగిన క్షణంలోనే అది తుడిచిపెట్టుకుపోతుంది. ఏ రోజు, ఏ గంటకు, దేని తరువాత డిస్క్ మొరాయించిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని నా చేతులతోనే పంపించివేశాను. ఇప్పుడైతే ముందు ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ అనే దూర ప్రవేశ మార్గంలో రౌటర్ లోపలికి వెళ్లి, డీమెసెగ్, లాగ్‌రీడ్ ఆదేశాలు చూపే మొత్తం పాఠాన్ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్న తరువాతే మరే పనైనా మొదలుపెడతాను.

రెండవ తప్పు దానికన్నా పెద్దది. రౌటర్‌లోనే ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసి సరిచేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే ప్యాకేజీ వేసి, అడిగిన ప్రతి ప్రశ్నకూ అవునని జవాబిచ్చే 'మైనస్ వై' ఐచ్ఛికంతో మరమ్మతు మొదలుపెట్టాను. మా రౌటర్‌లో ఉన్నది 128 ఎంబీ ర్యామ్. 1 టీబీ విభాగాన్ని తనిఖీ చేయడానికి అది చాలక, కెర్నెల్ ఆ మరమ్మతును సగంలో చంపేసింది. సగం కుట్టి వదిలేసిన గాయంలా ఉంది పరిస్థితి. చివరకు డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి తనిఖీ పూర్తిచేస్తే, లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే సంచయంలో 63 ఫైళ్లు తేలాయి. ఒక్కదానికీ పేరు లేదు, ముందు ఒక హాష్ గుర్తు, వెనుక ఒక అంకె, అంతే. ఫైల్ లోపలి సమాచారం బాగానే ఉండి, దాని పేరును మోసే డైరెక్టరీ నమోదు పోయినప్పుడు ఇలా జరుగుతుంది.

చేయవలసిన వరుస వేరు. ముందుగా డిస్క్‌లోని ఫైళ్లను ఇంట్లోని పరికరాలకు అందించే సాంబా, మీడియా సర్వర్ వంటి సేవలను ఆపాలి, లేకపోతే పరికరం వాడుకలో ఉందంటూ అన్‌మౌంట్ కాదు, అంటే సిస్టమ్ నుంచి విడివడదు. మౌంట్ అయి ఉన్న విభాగం మీద మరమ్మతు ఎన్నడూ చేయకూడదు. తరువాత డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు మార్చి, ఏమీ రాయకుండా చూసి మాత్రమే చెప్పే 'మైనస్ ఎన్' ఐచ్ఛికంతో ఒకసారి నడపాలి. అక్కడ పదో ఇరవయ్యో చిన్న ఫిర్యాదులు వస్తే మరమ్మతుకు వెళ్లవచ్చు. తెర నిండా ఫిర్యాదులు పారితే, ముందుగా చెడుతున్న డిస్క్ నుంచి చదవగలిగినంతా కాపీ చేసే డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌కు ప్రతి తీసుకొని ఆ ప్రతి మీదే చికిత్స చేయాలి. ఫైల్ సిస్టమ్ మూల వివరాలుండే సూపర్‌బ్లాకే చెడిందని చెప్పినప్పుడు కూడా హడావుడి పడనక్కరలేదు. 4 కేబీ బ్లాకులున్న ఈఎక్స్‌టీ4లో దాని నకలు ఒకటి 32768వ బ్లాకులో ఉంటుంది, 'మైనస్ బీ' తో ఆ అంకె ఇస్తే అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇంతా చేసి, డిస్క్ శుభ్రంగా ఉందని తేల్చుకొని రౌటర్‌కు తగిలిస్తే, మూడవ రోజున మళ్లీ రీడ్-ఓన్లీ అయింది. మళ్లీ మరమ్మతు చేశాను, మళ్లీ నాలుగు రోజులకు అదే గతి పట్టింది. అప్పుడు గానీ ఫైల్ సిస్టమ్ దోషి కాదేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

ఈసారి రౌటర్ లాగ్ ఎప్పటికప్పుడు ఇంట్లోని మరో కంప్యూటర్‌కు చేరేలా అమర్చాను. ఆ లాగ్‌లో ఈఎక్స్‌టీ4 ఫిర్యాదు చేయడానికి కొన్ని సెకన్ల ముందే యూఎస్‌బీ పరికరం రీసెట్ అయిందన్న పంక్తి కనిపించింది. అంటే ఫైల్ సిస్టమ్ కేకపెట్టినది దెబ్బ తగిలిన తరువాతే. మరో రాత్రి ఏకంగా పరికరం ఊడిపోయినట్టు, మరుక్షణమే కొత్త సంఖ్యతో మళ్లీ చేరినట్టు నమోదై ఉంది. అప్పటివరకు ఎస్‌డీఏ అన్న పేరుతో ఉన్న డిస్క్ ఎస్‌డీబీగా తిరిగి వచ్చింది, మౌంట్ మాత్రం లేని ఎస్‌డీఏనే పట్టుకొని వేలాడుతోంది. ఆ రాత్రి పెళ్లి వీడియో కూడా రాలేదు. పరికరం పేరుతో కాకుండా, ఫైల్ సిస్టమ్‌కు ఉండే మారని గుర్తు సంఖ్య అయిన యూయూఐడీతో మౌంట్ చేయాలని పెద్దలు చెప్పేది ఇందుకే. కానీ యూయూఐడీ సరైన డిస్క్‌ను గుర్తిస్తుందే తప్ప, అది ఊడిపోకుండా ఆపలేదు.

డిస్క్ ఎందుకు ఊడిపోతోందన్నది డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టిక చెప్పింది. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశానికి 'మైనస్ డీ శాట్' కలిపితే చాలా యూఎస్‌బీ కేసుల గుండా కూడా ఆ పట్టికను చదవవచ్చు. అందరూ మొదట చూసేవి 5వ, 197వ వరుసలు. చెడి మార్చిన సెక్టార్లు, చెడినట్టు అనుమానమున్న సెక్టార్లు అక్కడ ఉంటాయి. నాకు ఆ రెండూ సున్నాలే, డిస్క్ ఉపరితలానికి ఏ జబ్బూ లేదు. నా చూపు ఆగినది 192వ వరుస దగ్గర. కరెంటు హఠాత్తుగా తగ్గి, డిస్క్ తన చదివి రాసే తలను అత్యవసరంగా వెనక్కు లాగుకోవలసి వచ్చిన ప్రతిసారీ ఆ లెక్క పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు 41 ఉన్నది తెల్లవారేసరికి 44 అయింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంటులో కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు.

ఇక లెక్క వేయడమే మిగిలింది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసినది 500 మిల్లీఆంపియర్లు, అంటే 5 వోల్టుల దగ్గర 2.5 వాట్లు. యూఎస్‌బీ 3.0 పోర్టయితే 900 మిల్లీఆంపియర్లు, 4.5 వాట్లు. నా డిస్క్ మీద అతికించిన చీటీలో 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. రౌటర్ అడాప్టర్ మొత్తం ఇచ్చేదే 12 వాట్లు. పగటిపూట వీడియో చదవడం తేలికైన పని, అందువల్ల గడిచిపోతోంది. రాత్రి పదకొండింటికి ఫోన్లన్నీ ఒకేసారి ఫోటోలు పంపుతూ, వైఫై రేడియోలు పూర్తి బలంతో పనిచేస్తూ, నిద్రపోయిన డిస్క్ తిరగడం మొదలుపెట్టవలసి వచ్చినప్పుడు వోల్టేజీ కుంగిపోతోంది. మళ్లీ తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలోనే డిస్క్ అత్యధికంగా కరెంటు తాగుతుంది.

ఆ ఆదివారమే ఎస్పీ రోడ్డుకు వెళ్లి, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ఒకటి కొన్నాను. అది తగిలించాక రౌటర్ స్విచ్ ఆపినా దాని దీపాలు మసకగా వెలుగుతూనే ఉన్నాయి. హబ్ తన కరెంటును డిస్క్‌కు మాత్రమే ఇవ్వక, కేబుల్ గుండా వెనక్కు రౌటర్‌కు కూడా తోస్తోందన్నమాట. చవక హబ్‌లలో ఈ అవలక్షణం తరచుగా ఉంటుంది, రౌటర్ సరిగా మేల్కోకపోవడానికి కూడా అది కారణం కావచ్చు. కొన్న రోజునే రౌటర్ అడాప్టర్ పీకి, హబ్‌ను మాత్రం వేసి చూస్తే చాలు, విషయం తేలిపోతుంది. దుకాణదారుతో కాస్త వాదులాడి, మార్చుకొని వచ్చాను.

రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి. తరువాత ఒక సాయంత్రం వాన పడి కరెంటు పోయి, అపార్ట్‌మెంటు జనరేటర్ అందుకునేలోగా ఐదారు సెకన్లు గడిచాయి, డిస్క్ మళ్లీ రీడ్-ఓన్లీ! ఈసారి తప్పు పూర్తిగా నాదే. రౌటర్‌కు మినీ యూపీఎస్ ఉంది కనుక అది నిక్షేపంగా నడుస్తోంది. హబ్ అడాప్టర్‌ను మాత్రం గోడ సాకెట్‌కు పెట్టాను. రాసేవాడు మేల్కొని ఉండగా పుస్తకం లాగేసినట్టు అయింది. ఇప్పుడు 12 వోల్టులతో పాటు 5 వోల్టులు కూడా ఇచ్చే యూపీఎస్ తెచ్చి, రెంటినీ దానికే కలిపాను. పోతే రెండూ కలిసే పోతాయి. అప్పుడైనా చివరి కొన్ని సెకన్లలో పంపిన ఫోటో పోవచ్చు, ఎందుకంటే ఈఎక్స్‌టీ4 మామూలుగా తన జర్నల్‌ను 5 సెకన్లకొకసారి ఖరారు చేస్తుంది. కానీ తిరిగి మౌంట్ అయ్యేటప్పుడు జర్నల్ చదువుకొని తనను తాను సర్దుకుంటుంది.

ఈ గొడవలో ఉండగానే వైట్‌ఫీల్డ్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి, "అన్నా, నా డిస్క్ కూడా పోయినట్టే ఉంది, రౌటర్‌లో ఫీచర్ సీ12 అని ఏదో ఎర్రర్ చూపిస్తోంది" అన్నాడు. అతని డిస్క్‌కు ఏమీ కాలేదు. 2023లో వచ్చిన, ఈఎక్స్‌టీ4ను ఫార్మాట్, తనిఖీ చేసే ప్రోగ్రాముల సంపుటి ఈ2ఎఫ్ఎస్ ప్రాగ్స్ 1.47.0 నుంచి కొత్తగా ఫార్మాట్ చేసిన ఈఎక్స్‌టీ4లో ఆర్ఫన్ ఫైల్ అనే సౌకర్యం దానంతట అదే చేరుతోంది. రౌటర్‌లోని పాత తనిఖీ పరికరానికి దాని పేరు తెలియక, ఆ అంకెతో పిలుస్తూ పని చేయనంటుంది. ల్యాప్‌టాప్‌లో ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఆ సౌకర్యాన్ని తీసేస్తే సరిపోయింది. ఇలాంటిదే మరొకటి, చివరి మౌంట్ తేదీ భవిష్యత్తులో ఉందన్న ఫిర్యాదు. చాలా రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, ఇంటర్నెట్ అందేవరకు వాటికి సరైన తేదీ తెలియదు. దానిని చూసి కంగారుపడి మరమ్మతుకు దిగనక్కరలేదు.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ సంగతి అడిగేవారికి నా సలహా ఒక్కటే, రౌటర్‌కే అంటిపెట్టుకొని ఉండే డిస్క్‌కు అది వద్దు. అది చెడితే లైనక్స్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ కొన్ని పైపై లోపాలను సర్ది, అసలు తనిఖీని విండోస్‌కు వదిలేస్తుంది. చివరకు విండోస్ ఉన్న కంప్యూటర్‌ను వెతుక్కోవలసిందే.

192వ వరుసలోని అంకె ప్రస్తుతం 57 దగ్గర ఆగి ఉంది. లేపాక్షి ఫోటోలు అమ్మ ఫోన్‌లోనే ఉండడంతో మళ్లీ చేరాయి. హబ్ మీద మెరిసే నీలి దీపం రాత్రి కళ్లలో కొడుతోందని ఆమె ఊరికి వెళ్లేముందు దాని మీద పాత క్యాలెండర్ ముక్క అతికించి వెళ్లింది. పేర్లు పోయిన 63 ఫైళ్లలో ఫోటోలకు లోపల నమోదైన తేదీలను బట్టి 44 ఫైళ్లకు పేర్లు పెట్టగలిగాను. మిగిలిన 19 ఎవరివో, ఎప్పటివో తేల్చుకోవడానికి వచ్చే ఆదివారం మా చెల్లెలిని కూర్చోబెట్టాలి.